మాను ఊగిన సంగతి

ముందే చెబుతున్నాను, మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదు. నా పేరు యల్లప్ప. డెబ్బై ఒక్కేళ్ళు. చౌడేపల్లె చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా యల్లప్ప ఇల్లెక్కడని అడిగి చూడండి, తెల్లమొహం వేస్తారు. అర్జునప్ప ఇల్లెక్కడ అనండి, చంటిపిల్లాడైనా వేలుపెట్టి చూపిస్తాడు.

ఏటా ఎండాకాలంలో మా ఊళ్ళో భారతం జరుగుతుంది. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి నాటకం. అందులో ఒక పగలంతా అర్జునుడి తపస్సు. పాశుపతాస్త్రం కోసం అర్జునుడు శివుణ్ణి మెప్పించాలి కదా, అందుకని ఊరి బయట మైదానంలో ముప్పై ఆరు మెట్లు కొట్టిన పొడవాటి కొయ్యస్తంభం, తపసుమాను, నిలబెట్టి ఉంటుంది. అర్జునుడి వేషగాడు పొద్దుట్నుంచి పస్తుండి, మెట్టుకొక పదం పాడుతూ కొసదాకా ఎక్కి, అక్కడినుంచి నిమ్మకాయలూ విభూతీ కిందికి విసరాలి. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో మాను చుట్టూ పడుకుని ఉంటారు. నిమ్మకాయ చేతికి దొరికితే ఏడాదిలోగా ఊయల కడతారని నమ్మకం. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ మాను ఎక్కుతున్నది నేనే.

ఇంకొక సంగతి. నేను పద్నాలుగో మెట్టు చేరేసరికి మాను ఊగుతుంది. గాలి ఉండదు, ఆకు కదలదు, మాను మాత్రం ఊగుతుంది. దేవుడొచ్చినాడని జనం హరహరా అంటూ కర్పూరం వెలిగిస్తారు. నాకు ముందు ఎక్కినవాళ్ళకెవరికీ ఊగలేదట. ఈ మాట నేను చెప్పుకోవడం లేదు, ఊరే చెబుతుంది. ఎందుకు ఊగుతుందప్పా అని అడిగినవాళ్ళకు "దైవకార్యం, ఆరా తీయకూడదు" అని చెప్పి పంపేసేవాణ్ణి. ఆ మాట విన్నప్పుడల్లా మా ఆవిడ తిమ్మక్క గొంతు సవరించుకునేది. పాపం కఫమేమో అనుకునేవాణ్ణి.

ఈ ఏడు శివరాత్రి వెళ్ళిన వారానికి భారతం కమిటీ పెద్ద నారాయణస్వామి మా ఇంటికొచ్చాడు. నా మంచం మీద కూర్చుని, నా కాఫీ తాగి, నాకే చెప్పాడు.

"యల్లప్పా, నీకు వయసైపోయ. ఈ తూరి మా మనవడు హేమంత్ మాను ఎక్కతాడు. నువ్వు కింద కూసోని పదాలు పాడు, సాలు."

"కిందనా? కింద కూసోని తపస్సు చేసినోడు యాడన్నా ఉండాడా?"

"నువ్వు పడితే పోలీసు కేసు నా మింద పడతాది గదప్పా."

నా నడుం విరుగుతుందన్న బెంగ కాదు చూడండి, కేసు పడుతుందన్న బెంగ! ఆ హేమంత్ మదనపల్లెలో జిమ్ముకు పోతాడు. జబ్బలు గుమ్మడికాయల్లా ఉంటాయి. ఆ సాయంత్రమే అందరినీ పిలిచి వాడిచేత ఎక్కించి చూశారు. నేను పంచె ఎగ్గట్టుకునేలోగా వాడు ముప్పై ఆరు మెట్లూ ఎక్కి దిగిపోయాడు. మాను ఇసుమంత కదల్లేదు. చూడవచ్చిన ముసలమ్మలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.  నేను ఎగ్గట్టిన పంచె దింపుకున్నాను.

వేషం పోయినా మాను మీద ప్రేమ పోతుందా? సోమవారం సోమవారం దానికి ఆముదం పట్టించడం నా అలవాటు. మరుసటి సోమవారం తెల్లారగానే గిన్నె పట్టుకుని వెళ్ళేసరికి, మాను మధ్యలో ఒక ఆడపిల్ల ప్యాంటూ చొక్కా వేసుకుని, మానును వాటేసుకుని, కళ్ళు మూసుకుని ఉంది.

"ఎవురు మే అది? దిగు!" అని కేక పెట్టాను.

"దిగలేకనే గదా తాతా ఈడ ఉండాను!"

ముప్పై ఎనిమిదేళ్ళలో నాకింత సూటిగా జవాబు చెప్పినవాళ్ళు లేరు. గిన్నె కింద పెట్టాను.

"కాలు కిందికి పెట్టు."

"ఏ కాలు?"

"నీకు ఎన్ని ఉండాయి మే?"

అరగంట పట్టింది ఆ పిల్లను నేలకు దించడానికి. దిగీ దిగగానే రెండు చేతులతో మట్టి పట్టుకుని కూలబడింది. అప్పుడు గుర్తుపట్టాను. కింద వీధిలో డెయిరీకి పాలు పోసే రాణి కూతురు, సౌమ్య. ఇరవై మూడేళ్ళు ఉంటాయి. బెంగళూరులో బట్టల కంపెనీకి పోయిందని విన్నాను, తిరిగొచ్చిందని వినలేదు.

"ఆడపిల్లవి, తపసుమాను ఎక్కొచ్చునా?"

"ఎక్కకూడదని ఏ పుస్తకంలో రాసుండాది?"

"పుస్తకంలో లేదు. ఎక్కరు, అంతే."

"నువ్వు ఏటేటా చీర కట్టి, జడేసుకోని బృహన్నల వేషం ఏస్తావు గదా తాతా. అప్పుడు నిన్నెవురన్నా అడిగినారా?"

 జవాబు లేనప్పుడు పెద్దవాళ్ళు చేసే పనే నేనూ చేశాను, గట్టిగా కోప్పడ్డాను. ఆ పిల్ల ఏడవలేదు, లేచిపోలేదు. నా కోపం అయిపోయేదాకా కూర్చుని, తర్వాత తన సంగతి చెప్పింది.

మదనపల్లెలో ఐటీఐ చదివింది. లైన్‌మన్ ఉద్యోగానికి రాతపరీక్ష పాసైంది. మూడు వారాల్లో కుప్పంలో స్తంభం ఎక్కే పరీక్ష. ఇరవై కడ్డీలున్న ఇనుప స్తంభం రెండు నిమిషాల్లో ఎక్కి, పైన కట్టిన గంట కొట్టి దిగాలి. రెండే రెండు అవకాశాలు. తప్పిందా, మళ్ళీ బెంగళూరే.

"ఆడ ఒకే రూములో పన్నెండు మందిమి తాతా. పొద్దస్తమానం కాలర్లు కుట్టేది. నిద్దర్లో కూడా కాలర్లే. నాకు ఈడనే ఉండాల. మా అమ్మ కాడ, మా ఎనుముల కాడ. కరెంటు పని నాకు బాగా వస్తాది, ఎక్కేదే రాలేదు."

"యాల రాదు?"

"పది మెట్లు బాగనే ఎక్కుతాను. పద్నాలుగో మెట్టుకు పోతానే కాళ్ళు వణుకుతాయి. ఇంక అంతే, అతుక్కోని పోతాను."

"పద్నాలుగా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఊ. అందుకే ఈడికి వచ్చినాను. నీకు భయమనేదే తెలీదంట గదా. నీ మాదిరి ఎక్కేటోడు చుట్టుపక్కల పుట్టలేదంట. నాకు నేర్పిస్తావా?"

పొగడ్తకు లొంగనివాడు లేడంటారు. నేనైతే తలుపులు బార్లా తీసి కూర్చుని ఉంటాను. అందులోనూ ఆ వారం నన్ను పొగిడింది ఆ పిల్ల ఒక్కతే. ఆడవాళ్ళు ఎక్కకూడదన్న మాటను పక్కన పెట్టి, రేపు చీకటి విడిపోకముందే రమ్మన్నాను.

నా పద్ధతి ఒకటే. ఎక్కేటప్పుడు నోరు ఖాళీగా ఉంచకూడదు. ఖాళీ నోట్లో భయం దూరుతుంది. అందుకే మా గురువు మెట్టుకొక పదం కట్టి నేర్పాడు.

"మొదటి మెట్టున నిలిచి మొక్కితిని శివా, రెండవ మెట్టున నేను రెప్పవాల్చను శివా, మూడవ మెట్టున నీ మూడుకన్నులె తోడు శివా..."

ఇలా ముప్పై ఆరు. సౌమ్యకు ఇరవై చాలు. నాలుగు రోజుల్లో వచ్చేశాయి. అయిదో రోజు పాడుతూ ఇరవై మెట్లు ఎక్కి దిగింది, వెనకే నేనూ రెండు మెట్లు కింద ఎక్కుతూ ఉన్నాను కాబట్టి. దిగాక ఫోన్లో సమయం చూసి తల పట్టుకుంది.

"పదకొండు నిమిషాలు తాతా!"

"బాగుండాది. నాకు పండగనాడు గంటన్నర పట్టతాది."

"నువ్వు రాగం తీస్తా పోతే ఆ ఆపీసరు ఇంటికి పోయి సంగటి తిని, నిద్దరపోయి వస్తాడు!"

రాగం లేకుండా పదమేమిటి? ఆ రోజు పెద్ద గొడవైంది. నేను విసవిసా ఇంటికి పోయాను. మరునాడు ఆ పిల్ల చెంబు నిండా గుమ్మపాలు తెచ్చింది. నేను ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తీసుకెళ్ళాను. ఎవరూ క్షమాపణలు చెప్పుకోలేదు. రాగం తీసేశాం. మా గురువు కట్టిన పదాన్ని మదనపల్లె మార్కెట్లో టమాటా వేలంపాట పాడినట్టు గడగడా పాడుతుంటే చెవులు మూసుకోవాలనిపించింది. కానీ పదకొండు నిమిషాలు నాలుగైంది, నాలుగు మూడైంది, ఒక ఉదయం ఒకటీ ముప్పావుకు దిగింది.

ఎక్కడం అయ్యాక శనక్కాయలు ఒలుచుకుంటూ కబుర్లు. నిజం చెప్పొద్దూ, ఆ మూడు వారాలూ నేను బతికినట్టే అనిపించింది. ఈ వయసులో మనల్ని అందరూ అడిగేది మందు వేసుకున్నావా అనే. ఆ పిల్ల అలా కాదు, కిరీటం ఎన్ని కిలోలు, మీసం ఏ జిగురుతో అంటిస్తావు, పైనుంచి చూస్తే పుంగనూరు కనిపిస్తుందా అని అడిగేది. వేషంలో ఉన్న నా ఫొటో తన ఫోను తెరమీద పెట్టుకుంది. ఒక రోజు మాత్రం తంటా వచ్చింది.

"తాతా, నిజం చెప్పు. ఒక్క తూరన్నా భయమేయలేదా నీకు?"

"అర్జునుడికి భయమేంది మే?"

ఆ పిల్ల మొహం చిన్నబోయింది. పద్నాలుగో మెట్టు దగ్గర ఇంకా గొంతు వణుకుతూనే ఉంది మరి. "అయితే నాకే ఏదో రోగం ఉండాది" అని శనక్కాయ తొక్కులు ఏరుకుంటూ కూర్చుంది. నాకు లోపల చివుక్కుమంది. అయినా నోరు విప్పలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ పేరు, శనక్కాయ తొక్కుల్లో పారేస్తామా అని నాకు నేనే చెప్పుకున్నాను.

పరీక్ష రోజు మొదటి బస్సుకు పుంగనూరు, అక్కడినుంచి కుప్పం బస్సు. సీట్లో కూర్చున్నాక చూస్తే ముందు వరుసలో నారాయణస్వామి, పక్కన హేమంత్. వాడికీ అదే పరీక్షట! నారాయణస్వామి వెనక్కి తిరిగి నన్నూ సౌమ్యనూ చూసి, "ఏం యల్లప్పా, వేషం పోతే కోచింగ్ సెంటర్ పెడితివా?" అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. దిగేముందు సౌమ్య చొక్కా జేబులో ఒక నిమ్మకాయ పెట్టాను. మేము అలాగే సాధన చేశాం, పైకెక్కాక నిమ్మకాయ విసిరితేనే దిగడం.

మైదానంలో ఇనుప స్తంభం నిలబెట్టి ఉంది. ఎక్కేవాళ్ళ నడుముకు తాడు కడతారు, పట్టు తప్పినా పడరు. కానీ భయానికి తాడు కనపడదు కదా. విజిల్ పెట్టుకున్న ఒక ఆఫీసరు కుర్చీలో కూర్చుని వాచీ చూస్తున్నాడు. హేమంత్ నలభై సెకన్లలో ఎక్కి దిగాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నారాయణస్వామి నా పక్కకొచ్చి నిలబడి మరీ కొట్టాడు.

సౌమ్య వంతు వచ్చింది. ఇంతమందిలో పాడడానికి సిగ్గుపడి, పెదవులు మాత్రం కదుపుతూ ఎక్కింది. పద్నాలుగో కడ్డీ. ఆగిపోయింది. రెండు నిమిషాలూ అక్కడే అయిపోయాయి. విజిల్ ఊదారు.

రెండో అవకాశం అందరిదీ అయ్యాక ఇస్తారట. వేపచెట్టు నీడన కూర్చుంది. "తాతా, పోదాం పద. నేను రేప్పొద్దున రైలుకు బెంగళూరు పోతాను" అంది. నీళ్ళు తాగమని సీసా ఇస్తే పక్కన పెట్టేసింది. పోదాం సరే, ఇంకొక్కసారి ఎక్కి పోదాం అన్నాను. గట్టిగా పాడమన్నాను. సిగ్గుపడితే ఉద్యోగం రాదని తిట్టాను కూడా.

ఈసారి పాడింది. మైదానమంతా వినిపించేలా పాడింది. బండి కదిలినట్టు కదిలింది. పది, పన్నెండు, పదమూడు. పద్నాలుగు దగ్గర గొంతు ఆగింది. నేను కిందినుంచి అందించాను: "పద్నాల్గవ మెట్టున పద్నాల్గు లోకాలు శివా!"

పైనుంచి పాట రాలేదు. స్తంభం చిన్నగా ఊగడం మొదలైంది. గాలి లేదు. ఆకు కదలడం లేదు.

"పాటతో కాలేదు తాతా! నీకేం తెలుసు? నీకు భయమే లేదు గదా!" అని ఆ పిల్ల ఏడుపు గొంతుతో అరిచింది.

యాభై సెకన్లు అయిపోయాయని ఆఫీసరు అరిచాడు. పక్కనే నారాయణస్వామి ఫోనెత్తి వీడియో తీస్తున్నాడు.  ఆ ఊగుతున్న స్తంభాన్ని చూశాను. అది దేవుడని నమ్మే జనం అక్కడ లేరు, అది ఏమిటో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"నాకు ఉండాది మే!" అని అరిచాను. "భయం నాకు ముప్పై ఎనిమిదేండ్లూ ఉండాది! పద్నాలుగో మెట్టుకాడ మాను ఊగేది దేవుడొచ్చి కాదు, నా మోకాళ్ళు!"

 ఆఫీసరు నోట్లోంచి విజిల్ జారి పడింది.

"నిజంగానా?" అని పైనుంచి వినిపించింది.

"మీ అవ్వ తిమ్మక్క మింద ఒట్టు! వణకతానే ఎక్కేది మే! వణుకు పోయినాక ఎక్కుదామనుకోనుంటే నేనింకా మొదటి మెట్టు మిందనే ఉందును!"

 ఆ పిల్ల నవ్వింది. పగలబడి నవ్వింది. స్తంభం వణుకుతోనూ ఊగింది, నవ్వుతోనూ ఊగింది. అలా ఊగుతూనే "పద్నాల్గవ మెట్టున" అని అందుకుని కదిలింది. గంట మోగింది. అలవాటు ప్రకారం జేబులోంచి నిమ్మకాయ తీసి కిందికి విసిరింది. అది నేరుగా పోయి ఆఫీసరు మీద పడబోతే ఆయన రెండు చేతులా పట్టుకున్నాడు. సౌమ్య నేలమీద కాలుపెట్టేసరికి ఒక నిమిషం యాభై ఆరు సెకన్లు. నిమ్మకాయను ఆయన తిరిగి ఇవ్వలేదు. మేమూ అడగలేదు.

వచ్చేటప్పుడు బస్సులో సౌమ్య నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నేను మాత్రం నిద్రపోలేదు. నా బతుకంతా కట్టుకున్న పేరు కుప్పంలో దిగిపోయింది, మా కంటే ముందు వీడియో ఊరు చేరిపోయింది. బస్సు దిగేసరికి టీకొట్టు దగ్గర కుర్రకారు "మోకాళ్ళప్ప వచ్చినాడు రోయ్" అన్నారు. తల దించుకుని ఇంటికి పోయాను.

తిమ్మక్క అన్నం పెడుతూ, "నాకు నువ్వు మొదటి తూరి ఎక్కిన ఏడే తెలుసు. పడతా పడతా అని నిద్దర్లో నా చెయ్యి పట్టుకునేటోడివి" అంది.

"మరి ఒక్కనాడన్నా అనలేదేమే?"

"దైవకార్యం గదా. ఆరా తీయకూడదు" అని గొంతు సవరించుకుంది. అప్పుడర్థమైంది, అది కఫం కాదని.

సౌమ్యకు ఉద్యోగం వచ్చింది, శాంతిపురంలో. హేమంత్‌కూ వచ్చింది. నేను సోమవారాలు కూడా మైదానం వైపు పోవడం మానేశాను. భారతం ఇంక పది రోజులుందనగా నారాయణస్వామి మళ్ళీ వచ్చాడు. ఈసారి మంచం మీద కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు.

"యల్లప్పా, ఈ ఏడూ నువ్వే ఎక్కాల."

"యాల? మీ హేమంత్ ఉండాడు గదా."

"వాడెక్కితే మాను ఊగదు."

"ఊగేది దేవుడు కాదని ఊరంతా తెలిసిపోయ. ఇంకా ఏం ఊగల్లప్పా?"

నారాయణస్వామి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "మానుకింద పండుకునే ఆడోళ్ళు పొద్దున్నే మా ఇంటి ముందర కూసోనుండారు. నిన్నే ఎక్కించాలంట. నేనూ అదే చెప్పినా, అది దేవుడు కాదు, ముసిలోడి వణుకు అని. మునిలక్ష్మి ఉండాది సూడు, పెండ్లై పదేండ్లు, ఆయమ్మ ఏమనిందో తెలుసునా? 'మేమూ వణకతానే గదప్పా ఆడ పండుకునేది. పైనుండేటోడికి వణుకు తెలిస్తే సాలు' అనింది."

 కళ్ళు తుడుచుకుంటే చూస్తాడని గోడవైపు తిరిగాను. "కేసు పడతాదంటివే?" అని అడిగాను చివరికి.

ఆ సంగతి సౌమ్య చూసుకుంది. తపస్సు రోజు సెలవు పెట్టి వచ్చి, లైన్‌మన్ బెల్టు నా నడుముకు కట్టి, పైన పట్టుపంచె కప్పి, బకిలు మూడుసార్లు లాగి చూసింది. "తాతా, రాగం తీయి. ఈ పొద్దు టైము లేదు" అంది.

ఎక్కాను. రాగాలన్నీ తీశాను. పద్నాలుగో మెట్టు దగ్గర మోకాళ్ళు ఎప్పటిలాగే మొదలుపెట్టాయి. మాను ఊగింది. కింద ఈసారి దేవుడొచ్చాడని ఎవరూ అనలేదు.  మునిలక్ష్మి తడిబట్టలతో తల పైకెత్తి, "యల్లప్పా, మేమీడనే ఉండాము, పోప్పా!" అని అరిచింది. వెంటనే ఆడవాళ్ళంతా, ఆ తర్వాత మైదానమంతా యల్లప్పా, యల్లప్పా అని అందుకున్నారు.

నా సొంత పేరు ఆ ఊరికి తెలుసని నాకు ఆ రోజే తెలిసింది. కర్పూరం మాత్రం ఎవరో వెలిగించే ఉన్నారు, వాసన పైదాకా వచ్చింది. నేను పదిహేనో మెట్టు మీద కాలు పెట్టాను.